చిలకలపూడి పాండురంగ క్షేత్రం

కృష్ణా జిల్లా మచిలీపట్నంలోని చిలకలపూడిలో ఉన్న పాండురంగస్వామి ఆలయం ఇది. దీన్ని కీర పండరిపురం అని కూడా పిలుస్తారు. మహారాష్ట్రలోని పండరిపురం సంప్రదాయాన్ని అనుసరించి భక్త నరసింహం దీన్ని నిర్మించారు. 1929 నవంబరు 13న, కార్తిక శుద్ధ ఏకాదశినాడు స్వామి ఇక్కడ స్వయంగా వెలిశాడని భక్తుల విశ్వాసం.

స్వామి వెలిసిన కార్తికం ఉపవాసాల మాసం. సోమవారాల్లో, ఏకాదశి, పౌర్ణమి తిథుల్లో చాలామంది పగలంతా ఉపవసిస్తారు. సోమవారాల్లో నక్షత్ర దర్శనం తరువాత భోజనం చేయడం, ఏకాదశి ఉపవాసాన్ని ద్వాదశినాడు పారణతో ముగించడం వాడుక. శుద్ధ ద్వాదశిని క్షీరాబ్ది ద్వాదశి అంటారు. ఆనాడు తులసికోట వద్ద ఉసిరికొమ్మ నాటి పూజిస్తారు. ఉపవాస వేళల్లో నామస్మరణ, భజన, పురాణ శ్రవణం ప్రధానం.

ఏటా కార్తిక శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి వరకు చిలకలపూడి ఆలయంలో ఉత్సవాలు జరుగుతాయి. పౌర్ణమినాడు యాత్రికులు మంగినపూడి తీరంలో సముద్రస్నానం చేసి, దీపాలు వెలిగించి, స్వామిని దర్శిస్తారు. పండరిపురంలో మాదిరిగానే ఇక్కడా భక్తులు స్వామి పాదాలను స్వయంగా తాకి నమస్కరించవచ్చు.