ఒత్తుల వెనక మేక్‌ఫైళ్ళు

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు వరస చూస్తే ‘గిడుగు’ కనిపిస్తుంది, ‘గురజాడ’ కూడా. రెండూ సిలికానాంధ్ర వాళ్ళు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వదిలినవి. ఒకాయన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో పంతులుగా చేశారు. ఇంకొకాయన విజయనగరం మహారాజావారి కాలేజీలో మేష్టారు. వాడుకభాష కోసం జీవితాంతం పోట్లాడిన ఇద్దరికీ ఇప్పుడు టీటీఎఫ్ ఫైళ్ళుగా ఉద్యోగం దొరికిందన్నమాట!

ఫాంటంటే బొమ్మల మూట అనుకుంటాం గానీ అదీ సాఫ్ట్‌వేరే. ‘స్త్రీ’ అని కొడితే లోపల వెళ్ళేవి ఆరు యూనికోడ్ గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని పేర్చి, ఒత్తుల్ని కిందకి దించి, గుడిని పైన పెట్టే పనిమంతుడిని షేపింగ్ ఇంజన్ అంటాం. 2000ల్లో ఈ పని విండోస్‌లో యూనిస్క్రైబ్, గ్నోమ్‌లో పాంగో, కేడీఈలో క్యూటీ ఎవరి తీరులో వాళ్ళు చేసేవి. ఒకచోట బాగున్న మాట ఇంకోచోట ముక్కలయ్యేది. ఓపెన్ సోర్సు వైపు ఈ తగువు తీర్చింది హార్ఫ్‌బజ్. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నిట్లో తెలుగు పేర్చేది అదే.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ ఉన్న ఒక మెసేజి వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ ఇంజన్ మూసిన పెట్టె కాబట్టి, అక్షరం మనదైనా ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా ఎదురుచూడటం తప్ప మనం చేయగలిగింది ఏమీ లేదు. హార్ఫ్‌బజ్ అయితే తెరిచి చూడొచ్చు. కానీ చూడటం వేరు, మార్చి బిల్డు చేసుకోవడం వేరు. సోర్సు చేతిలో ఉండీ బిల్డు అవ్వకపోతే, తాళంచెవి లేని ఇల్లు మనపేర రాసిచ్చినట్టే.

అందుకే బిల్డు టూళ్ళ కథ నాకు ఇష్టం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ రాశాడు. కమాండు ముందు ట్యాబ్ ఉండి తీరాలన్న దిక్కుమాలిన నియమం అప్పటిదే. మార్చాలనుకునేసరికి డజను మంది వాడేస్తున్నారట, వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది మొహమాటానికి మనమందరం స్పేసులకీ ట్యాబులకీ మధ్య ఇప్పటికీ శిక్ష అనుభవిస్తున్నాం.

తర్వాత యూనిక్సులు పుట్టగొడుగుల్లా వచ్చాయి, ఒకదానికొకటి పొసగదు. 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలెట్టాడు, 1994లో ఆటోమేక్, 1996లో లిబ్‌టూల్ తోడయ్యాయి. న్యాయంగా చెప్పాలంటే ఇది గొప్ప ఆలోచన: మెషిను పేరు అడక్కుండా, దానికి ఏమొచ్చో పరీక్షించి చూడటం. వాడేవాడికి షెల్లూ మేకూ కంపైలరూ ఉంటే చాలు. రాసేవాడికి మాత్రం ఎమ్4 మాక్రోలు! అర్థం చేసుకుని రాసినవాళ్ళకన్నా పక్క ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టినవాళ్ళే ఎక్కువ. ఇక విండోస్ మీదయితే సిగ్విన్ లాంటిది దింపుకుని, ముందు ఒక చిన్న యూనిక్స్ కాపురం పెట్టాలి.

నా దృష్టిలో ఇదే గ్రాంథికం. మనవైపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, పుస్తకాల తెలుగు జనం తెలుగులా ఎందుకు లేదని అడిగాడు. గిడుగు వారి ఉద్యమానికి ఊపిరి ఆ ప్రశ్నే. పిల్లాడికి వచ్చిన భాష పక్కన పెట్టించి, ముందు ఇంకో భాష నేర్పి, అప్పుడు చదువు చెబుతామంటే నష్టపోయేది ఎవరు? (మావైపు ‘ఏటి’ అంటాం, ‘ఏమిటి’ అని రాయమంటారు. అదింకా నడుస్తూనే ఉంది.)

వాడుకభాష వైపు మొదటి పెద్ద అడుగు సీమేక్. 2000 ప్రాంతంలో కిట్‌వేర్ కంపెనీ, అమెరికా వైద్య గ్రంథాలయం డబ్బుతో ఐటీకే అనే మెడికల్ ఇమేజింగ్ లైబ్రరీ కడుతూ తయారుచేసింది. డెవలపర్లలో కొందరు విండోస్, కొందరు యూనిక్స్. అందుకని సీమేక్ తనే బిల్డు చేయకుండా, విండోస్ వాడికి విజువల్ స్టూడియో ప్రాజెక్టు, యూనిక్స్ వాడికి మేక్‌ఫైలు రాసిచ్చింది. ఎవరి ఇంట్లో ఏ పొయ్యి ఉంటే దానికి సరిపడే కట్టెలు. కేడీఈ వాళ్ళు ఆటోటూల్స్‌తో విసిగి, స్కాన్స్ ప్రయత్నించి, 2006లో దీనికి మారారు. ఆ తర్వాతే మిగతా లోకం నమ్మింది. ఫిన్‌లాండ్ నుంచి యుస్సి పక్కనెన్ మెసన్ 2013లో బయటికొచ్చింది. పైథాన్ లాగ చదువుకోవచ్చు. గ్నోమ్ లోకం అటే వెళ్ళింది.

మన తెలుగు గొలుసు కూడా కదిలింది. ఫాంట్లు చెక్కే ఫాంట్‌ఫోర్జ్ 2020 మార్చి విడుదలతో ఆటోటూల్స్ వదిలి సీమేక్‌కి వచ్చింది. హార్ఫ్‌బజ్ మెసన్ వైపు నడిచింది, మధ్యలో కొన్నాళ్ళు ఆటోటూల్స్, సీమేక్, మెసన్ మూడూ ఒకే చూరు కింద కాపురం చేశాయి. కొత్త ఫైలు చేరిస్తే మూడు చోట్లా సరిచూడాలి. అది ఔదార్యమో, తేల్చుకోలేకపోవడమో మీరే చెప్పండి.

నన్నడిగితే, సీ ప్లస్ ప్లస్‌లో కొత్త ప్రాజెక్టుకి సీమేకే. దాని భాష మెసన్ ముందు వికారంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ 2017 నుంచీ విజువల్ స్టూడియో సీమేక్ ఫోల్డరుని నేరుగా తెరుస్తుంది, ఆండ్రాయిడ్ స్టూడియోకీ అది తెలుసు. రాజాంలో 1997లో కాలేజీ వచ్చింది, విజయనగరంలో 2007లో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చి 2022లో గురజాడ పేరుతో యూనివర్సిటీ అయింది. అక్కడ చదివే పిల్లల్లో ఎందరి చేతుల్లోనో ఉన్నది విండోస్ లాప్‌టాప్. వాళ్ళని ముందు లైనక్స్ నేర్చుకుని రమ్మంటే సగం మంది గుమ్మంలోనే ఆగిపోతారు. టూలు ఎంచేటప్పుడు నేను చూసే మొదటి లెక్క ఇది, వేగం ఆ తర్వాత.

ఫాంట్‌ఫోర్జ్‌కి సీమేక్ వచ్చినా విండోస్ మీద ఎమ్‌సిస్2 దించుకోవాల్సిందే. హార్ఫ్‌బజ్ మాత్రం ఒక మంచిపని చేసింది: సోర్సులో ‘హార్ఫ్‌బజ్.సీసీ’ అని ఒకే ఒక్క ఫైలుంది, అది మిగతా అన్నిటినీ లోపలికి లాక్కుంటుంది. మేకు, సీమేకు, మెసను ఏవీ అక్కర్లేకుండా ఉన్న కంపైలరుకి ఆ ఒక్క ఫైలు ఇస్తే లైబ్రరీ తయారు. సెలవుల్లో ఖాళీగా ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే అక్కడ మొదలెట్టమనండి. దాంట్లో ‘ఇండిక్’ అని పేరున్న ఫైళ్ళు వెతికితే మన ఒత్తులు దిగే చోటు దొరుకుతుంది.