మండపేట మేళాలు, కాదనగల హక్కు

గోదావరి డెల్టాలో మండపేట, మురమండ, బల్లిపాడు, దువ్వ ఒకప్పుడు ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల మేళాలకు పేరుపడ్డ ఊళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి పొలాలు పండసాగాక, జమీందారు కొలువుల్లో జరిగే మేజువాణీ ఆట మోతుబరుల పెళ్ళిపందిళ్ళకూ వచ్చింది. సలాం దరువులు, క్షేత్రయ్య పదాలు, భామాకలాపం, గొల్లకలాపం వీళ్ళకు కొట్టినపిండి. ఆడవాళ్ళకు అక్షరమే దక్కని కాలంలో వీళ్ళకు చదువుంది. ఆస్తి కూతుళ్ళకు చేరేది. పెళ్ళి మాత్రం లేదు, పోషకుడి ఆదరువులోనే బతుకు. రాజమండ్రిలో 'వివేకవర్ధని' పత్రిక నడిపిన కందుకూరి వీరేశలింగం ఈ ఆచారాన్ని తీవ్రంగా ఖండించారు. ఆయన కోపం న్యాయమైనదే. తప్పు సరిగ్గా ఎక్కడుందో మాత్రం అప్పుడూ తేలలేదు, తర్వాతి చట్టాల్లోనూ తేలలేదు.

డబ్బు చేతులు మారడమే తప్పనుకుంటే, ఆనాటి పెళ్ళిళ్ళు ఎన్నో ఆ తప్పులోకే వస్తాయి. పసిపిల్లను ముసలివాడికి సొమ్ము తీసుకుని కట్టబెట్టే దుర్మార్గం మీదే గురజాడ 'కన్యాశుల్కం' రాశారు. 1892లో తొలిసారి ఆడారు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదన్న కాంట్ సూత్రం ఆ పెళ్ళికూతురికీ, చిన్ననాడే గజ్జె కట్టిన పిల్లకూ ఒకేలా వర్తిస్తుంది. ఇతరులకు హాని చేయనంతవరకు ఎవరి బతుకు వాళ్ళిష్టమని మిల్ అన్నాడు. ఆస్తీ విద్యా ఉన్న ఈ స్త్రీలు ఇల్లాళ్ళకంటే స్వతంత్రులు కదా అని ఆ దారిలో వాదించేవారున్నారు. అందులో నిజముంది. కానీ ఊహ తెలియకముందే దారి నిర్ణయమైపోయిన పిల్ల ఇష్టం ఎవరడిగారు? నా దృష్టిలో అసలు కొలత ఇది: ఆమె కాదనగలదా, కాదన్నాక బతికే దారి మరొకటి ఉందా?

ఈ కొలతకు ఆచారం నిలవదు. దాన్ని మాన్పించిన తీరూ పూర్తిగా నిలవదు. శాసనమండలి సభ్యురాలు ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదలతో 1929లో మద్రాసులో దేవాదాయ చట్టానికి వచ్చిన సవరణ, గుడికి అంకితమైన దేవదాసీల ఇనాం భూముల్ని గుడి ఊడిగం నుంచి విడదీసి వాళ్ళకే ఉంచింది. కాదనడానికి కావలసిన బలం అది. కళావంతుల్లోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం ఆచారాన్ని ఎదిరించడంతో ఆగక మద్రాసులో యువతులకు శరణాలయం పెట్టారు. ఆడపిల్లల్ని దేవుడికి అంకితమివ్వడాన్ని 1947 చట్టం నిషేధించింది, అదీ సబబే. 1956లో ఆంధ్రలో దాన్ని సవరించి పెళ్ళిళ్ళలో, వేడుకల్లో మేళాలనే ఆపేశారు. నడివయసు దాటిన స్త్రీలకు తెలిసిన ఒక్క విద్యా కూడు పెట్టకుండా పోయింది. పందిట్లో ముందు వరసన కూర్చున్న పోషకుడికి మాత్రం ఏ మచ్చా లేదు.

ఆట ఆ బతుకుతో పెనవేసుకుపోయింది, ఒకటి ఉంచి మరొకటి తీయలేమని అంటారు. అదే నిజమైతే, తర్వాత నర్తకి స్వప్నసుందరి ఈ నాట్యాన్నే నేర్చి విలాసినీ నాట్యంగా వేదికలెక్కించడం ఎలా సాధ్యమైంది? విడదీయడం కుదిరింది, మేళం ఆడినవాళ్ళకు మాత్రం ఆ అవకాశం ఇవ్వలేదు. గణికగా పుట్టిన కవయిత్రి ముద్దుపళని కావ్యం 'రాధికాసాంత్వనం' అసభ్యమని వీరేశలింగం అన్నప్పుడు, 1910లో దాన్ని అచ్చువేసిన బెంగుళూరు నాగరత్నమ్మ, మగకవులకు లేని సిగ్గు ఆడకవికే ఎందుకని నిలదీసింది. ఆ ప్రశ్న చట్టాలకూ తగులుతుంది. కాదనగల బలం ఉందా అన్న ప్రశ్న ఇవాళ లైంగిక వృత్తిలో ఉన్నవారిది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు, ఆ వృత్తిలో ఉన్నవారికీ 21వ అధికరణం కింద గౌరవంగా బతికే హక్కుందని చెప్పింది. మానుకోవాలనుకునే స్త్రీకి 1929 నాటి ఇనాం భూమిలాంటి ఆధారం ఏమిస్తామన్నది ఇప్పుడు ప్రభుత్వాలు చెప్పాలి.