అసలు, కొసరు: ఆదాయపు పన్ను మీది సెస్సు కథ

అంగడిలో కొసరు అడిగేది కొన్నవాడు, వేసేది అమ్మినవాడు. ప్రభుత్వాల పద్దుల్లో ఈ మర్యాద తిరగబడింది. అసలు పన్ను పుచ్చుకున్న తరువాత కొసరు కూడా ప్రభుత్వమే అడుగుతుంది. ఆ కొసరుకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క పేరు: సర్‌ఛార్జి, సెస్సు, ఉపకరం. నెలజీతగాడి చేతికి వచ్చే మొత్తాన్ని సడి లేకుండా తగ్గించే ఈ కొసరుకు మన దేశంలో నూట అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

ముందు లెక్క చూద్దాం. సెస్సును మన ఆదాయం మీద వేయరు, ఆ ఆదాయంపై తేలిన పన్ను మీద వేస్తారు. ఏడాదికి పన్ను 50,000 రూపాయలు తేలితే, 4 శాతం సెస్సు 2,000. నెలకు సుమారు 167 రూపాయలు. పన్నే లేనివారికి సెస్సూ లేదు. 50 లక్షలు దాటిన ఆదాయాలకు పన్ను మీద సర్‌ఛార్జి ఉంటుంది, ఆ రెండూ కలిపిన మొత్తం మీద మళ్లీ సెస్సు. పన్ను మీద పన్ను ఎంతదూరం పోగలదో 1973-74 చెబుతుంది. ఆనాటి అత్యధిక రేటు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి. రెండూ కలిస్తే 97.75 శాతం. ఆ చివరి శ్లాబులో నూరు రూపాయలు సంపాదించినవాడికి మిగిలింది రెండుంబావు.

ఇక కథ మొదటికి వెళదాం. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. ‘ఎకనమిస్ట్’ పత్రికను స్థాపించిన జేమ్స్ విల్సన్ ఆర్థిక సభ్యుడిగా కలకత్తా వచ్చి, 1860లో తొలి బడ్జెట్టును, దానితో పాటు ఆదాయపు పన్నును ప్రతిపాదించాడు. ఏడాదికి 200 నుంచి 500 రూపాయల ఆదాయంపై 2 శాతం, ఆపైన 4 శాతం. గమనించవలసింది ఆ నాలుగులోని ఒక శాతాన్ని. మూడు శాతం ఖజానాకు పోగా, మిగిలిన ఒక శాతాన్ని రోడ్లు, కాలువల వంటి స్థానిక పనులకని కేటాయించారు. అంటే మన తొలి ఆదాయపు పన్నుకే ఒక కొసరు ఉంది, ఆ కొసరుకు ఒక మంచి పేరూ ఉంది.

ఈ పన్నును గట్టిగా వ్యతిరేకించిన అధికారి మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెలియన్. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆయన ఏలుబడిలోనివే. ఆయన తన అభ్యంతరాలను పత్రికలకెక్కించి పదవి పోగొట్టుకున్నాడు. విల్సన్ అదే ఏడాది ఆగస్టులో విరేచనాల వ్యాధితో కలకత్తాలో కన్నుమూశాడు. విచిత్రమేమంటే, 1862 చివరిలో ట్రెవెలియన్ తిరిగి వచ్చింది విల్సన్ కూర్చున్న ఆర్థిక సభ్యుడి కుర్చీలోకే. అయిదేళ్ల గడువుతో పుట్టిన పన్ను 1865లో రద్దయింది. తరువాత రకరకాల రూపాల్లో వస్తూ పోతూ, 1886 చట్టంతో స్థిరపడింది.

1935 భారత ప్రభుత్వ చట్టం ఈ కథలో ఒక మలుపు. ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉండాలని చెప్పిన ఆ చట్టమే, సర్‌ఛార్జిని కేంద్రం తనకోసం ఉంచుకోవచ్చని కూడా చెప్పింది. 1940లో యుద్ధ ఖర్చుల కోసం ఆ వీలును వాడుకున్నారు. మన రాజ్యాంగం 270, 271 అధికరణాలలో ఈ ఏర్పాటునే కొనసాగించింది. 2000లో వచ్చిన 80వ సవరణ కేంద్ర పన్నులన్నింటినీ రాష్ట్రాలతో పంచుకునే రాశిలో చేర్చి, సర్‌ఛార్జీలను, సెస్సులను మాత్రం బయట ఉంచింది.

కొత్త వడ్డింపు జీతం మీద ఎలా పడుతుందో 2001 అనుభవం బాగా చూపుతుంది. జనవరి 26న గుజరాత్ భూకంపం. ఫిబ్రవరి మొదట్లో కేంద్రం సర్‌ఛార్జిని మరో 2 శాతం పెంచింది. అది వర్తించింది మార్చితో ముగియబోతున్న సంవత్సరానికి. ఏడాదికి 30,000 పన్ను కట్టే ఉద్యోగికి అదనపు భారం 600. ఏప్రిల్ నుంచే తెలిసి ఉంటే నెలకు 50 చొప్పున పోయేది. యజమాని ఏడాది మొత్తానికి లెక్క కట్టి మిగిలిన నెలలకు సర్దాలి గనుక, రెండు నెలల జీతాల్లో 300 చొప్పున తెగింది. ఏడాది మధ్యలో జీతం ఉన్నట్టుండి తగ్గితే కారణం తరచు ఇదే: భారం చిన్నది, సర్దడానికి మిగిలిన నెలలు తక్కువ.

2004 జూలై బడ్జెట్టులో చిదంబరం 2 శాతం విద్యా సెస్సు తెచ్చారు. ప్రాథమిక విద్యకు, బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి అన్నారు. కాదనగలిగేదెవరు? ఆ డబ్బు నిలవ ఉండేందుకు ప్రారంభిక శిక్షా కోశ్ అనే నిధి కూడా ఏర్పడింది. 2007లో సెకండరీ, ఉన్నత విద్యల పేరిట మరో ఒక శాతం చేరింది. దీనికి మాత్రం ప్రత్యేక నిధిని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2017 ఆగస్టులో, అంటే పదేళ్ల తరువాత! అప్పటికి వసూలైన 83 వేల కోట్ల రూపాయల పైచిలుకు అలాంటి నిధికి చేరలేదని కాగ్ నివేదిక ఎత్తిచూపింది. ఆ మేరకు చదువు మీద ఖర్చే కాలేదని దీని అర్థం కాదు. సెస్సు డబ్బు ఏ బడికి చేరిందో విడదీసి చూపే దారి లేకపోయిందని అర్థం.

2018లో జైట్లీ ఆ మూడు శాతం స్థానంలో 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు పెట్టారు. అదే బడ్జెట్టులో ఉద్యోగులకు 40,000 ప్రామాణిక తగ్గింపు ఇచ్చారు. అయితే రవాణా భత్యం కింద 19,200కు, వైద్య ఖర్చుల కింద 15,000కు ఉన్న మినహాయింపులు పోయాయి. నికరంగా పెరిగింది 5,800. ముప్ఫై శాతం శ్లాబులోని వారికి దానివల్ల ఆదా సుమారు 1,800 రూపాయలు. పెరిగిన ఒక శాతం సెస్సు ఆ ఆదాను మింగేది ఏడాది పన్ను లక్షా ఎనభై వేలు దాటినవారికి. అంతకు లోపువారికి కాస్తో కూస్తో మిగిలింది. బడ్జెట్టు ప్రసంగంలో ఇచ్చిన అంకెను, కొసరు అంకెను పక్కపక్కన పెట్టుకుంటే తప్ప చేతికి ఏమి వస్తుందో తెలియదని ఈ ఉదాహరణ నేర్పుతుంది.

ఇక్కడ నష్టం ఉద్యోగి ఒక్కడిదే కాదు. అసలు పన్ను నూరు రూపాయలు పెరిగితే, పదిహేనవ ఆర్థిక సంఘం లెక్కన 41 రూపాయలు రాష్ట్రాలన్నింటి ఉమ్మడి వాటా. సెస్సు రూపంలో అదే నూరు వస్తే వాటా సున్న. బడులు, ఆసుపత్రులు నడిపే బరువు ఎక్కువగా రాష్ట్రాల మీదే ఉంది. వాటి పేరు చెప్పి వసూలు చేసిన డబ్బులో వాటికి హక్కుగా రావలసిన భాగం లేకపోవడం ఈ కథలోని అసలు చిక్కు.

1860 నాటి ఒక శాతం కాలువల కోసం, 2001 నాటి రెండు శాతం భూకంప బాధితుల కోసం, ఇప్పటి నాలుగు శాతం చదువు కోసం, ఆరోగ్యం కోసం. ఏ పేరూ చెడ్డది కాదు. అసలు పన్ను ఎందుకని ప్రభుత్వం చెప్పనక్కరలేదు. అది రాజ్యం నడవడానికి. కొసరుకు మాత్రం తానే ఒక పేరు పెట్టింది, ఆ పేరుతో మాట ఇచ్చింది. ఏటా ఫైనాన్సు చట్టంలో ఆ మాటను తిరిగి రాస్తూనే ఉన్నారు. నెలకు పోయే 167 రూపాయలు పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ మాట ఇచ్చి తీసుకున్న డబ్బుకు లెక్క అడగడానికి మొత్తం పెద్దదై ఉండనవసరం లేదు.