రాకెట్లు ఎగరని రోజుల్లో పుట్టిన సంఘం

1972 డిసెంబర్‌లో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీది నుంచి తిరిగొచ్చాక అమెరికా అంతరిక్ష యాత్రల జోరు తగ్గింది. 1975 జూలై నాటి అపోలో-సోయుజ్ యాత్ర తర్వాత దాదాపు ఆరేళ్లు ఒక్క అమెరికన్ కూడా అంతరిక్షంలోకి వెళ్లలేదు. స్పేస్ షటిల్ వాయిదాల మీద వాయిదాలు పడింది. నాసా బడ్జెట్ అపోలో రోజులతో పోలిస్తే బాగా చిక్కిపోయింది. చిన్నప్పుడు టీవీలో చంద్రుడి మీద నడక చూసిన పిల్లలు కాలేజీకొచ్చేసరికి చూడ్డానికి కొత్త యాత్రే లేకుండా పోయింది. నేటికీ పలు దేశాల్లో పనిచేస్తున్న విద్యార్థుల అంతరిక్ష సంఘం 'సెడ్స్' ఆ వెలితిలోంచే పుట్టింది.

విద్యార్థులు రాకెట్లను నెత్తికెత్తుకోవడం అదే మొదలు కాదు. 1936లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పరిశోధక విద్యార్థి ఫ్రాంక్ మలీనా, ఆ సంస్థలో చదవని జాక్ పార్సన్స్, ఎడ్ ఫోర్మన్‌లను కలుపుకొని రాకెట్ ప్రయోగాలకు దిగాడు. పేలుళ్ల పుణ్యమా అని ఆ బృందానికి 'సూసైడ్ స్క్వాడ్' అన్న పేరు పడింది. తర్వాతి కాలంలో వచ్చిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి మూలం ఆ పనే. రాకెట్ మాటెత్తితే నవ్వే రోజుల్లో దాన్ని చేసి చూపించడమే వాళ్ల ప్రచారం. 1980 నాటికి రాకెట్ సంగతి లోకానికి తెలుసు. దాని మీద డబ్బెందుకు పెట్టాలో జనానికి నచ్చజెప్పేవాళ్లే కరువయ్యారు.

ఆ పనికి పూనుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఎంఐటీ విద్యార్థి పీటర్ డయమాండిస్ పేరు. అతను చదువుతున్నది జీవశాస్త్రం. మనసంతా అంతరిక్షం మీదే. 1980లో ఎంఐటీ, ప్రిన్స్‌టన్ వంటి విశ్వవిద్యాలయాల్లో సెడ్స్ శాఖలు మొదలయ్యాయి. 'స్టూడెంట్స్ ఫర్ ది ఎక్స్‌ప్లొరేషన్ అండ్ డెవలప్‌మెంట్ ఆఫ్ స్పేస్' అన్న పొడుగాటి పేరుకు పొట్టి రూపం అది. 'ఆమ్ని' అనే సైన్సు పత్రికకు రాసిన లేఖ ద్వారా ఈ కబురు ఇతర క్యాంపస్‌లకు చేరింది. కెనడాలో బాబ్ రిచర్డ్స్ అలాంటి సంఘాన్నే నిలబెట్టాడు. 1988లో బ్రిటన్‌లోనూ మొదలైంది.

ఇలాంటి సంఘం నడవడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక ఖాళీ క్లాసు గది, ఒక టెలిస్కోపు, పిలిస్తే వచ్చే శాస్త్రవేత్త ఉంటే చాలు. రాత్రిపూట గ్రహాలు చూపించడం, బడిపిల్లలతో మోడల్ రాకెట్లు ఎగరేయించడం, ఏటా సదస్సు జరపడం దాని పనులు. చిక్కల్లా సభ్యుల దగ్గరే. నాలుగేళ్లకు అందరూ పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోతారు. ఎంత చురుకైన శాఖైనా తర్వాతి బ్యాచ్ అందుకోకపోతే ఒక్క వేసవి సెలవుల్లో మూతపడుతుంది.

ఆ చిక్కుకు సెడ్స్ తొలితరం వెతుక్కున్న దారి గొప్పది. డయమాండిస్, రిచర్డ్స్, మరో సెడ్స్ నాయకుడు టాడ్ హాలీ కలిసి 1987లో అంతర్జాతీయ అంతరిక్ష విశ్వవిద్యాలయానికి పునాది వేశారు. 1988 వేసవిలో ఎంఐటీలో జరిగిన తొలి తరగతులకు 21 దేశాల నుంచి 104 మంది వచ్చారు. ఇప్పుడు దాని ప్రధాన ఆవరణ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గరుంది. విద్యార్థి సంఘంలో అయిన పరిచయాలు చదువు ముగిశాక ఒక విద్యాసంస్థగా స్థిరపడ్డాయన్నమాట. ప్రిన్స్‌టన్ శాఖకు అధ్యక్షుడిగా చేసిన జెఫ్ బెజోస్ 2000లో బ్లూ ఆరిజిన్ రాకెట్ కంపెనీ పెట్టాడు.

ఉపగ్రహాల తయారీలో మాత్రం ఫలితాలు మిశ్రమం. అలబామా విశ్వవిద్యాలయం హంట్స్‌విల్ విద్యార్థులు తయారుచేసిన 'సెడ్‌శాట్-1' ఉపగ్రహం 1998 అక్టోబర్‌లో నాసా డీప్ స్పేస్ 1 నౌకతో పాటు ఒకే రాకెట్‌లో వెళ్లింది. కక్ష్యకు చేరినా అనుకున్న పనులన్నీ చేయలేకపోయింది.

1999లో వియన్నాలో జరిగిన ఐక్యరాజ్యసమితి అంతరిక్ష సదస్సు యువత గొంతుకు పెద్ద వేదిక ఇచ్చింది. అక్కడి యువ ప్రతినిధుల చర్చల్లోంచే 'స్పేస్ జనరేషన్' సలహా మండలి రూపుదిద్దుకుంది. అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరపాలని సమితి నిర్ణయించిందీ ఆ ఏడాదే. మొదటి తేదీ స్పుత్నిక్ ప్రయోగానికి, చివరిది 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజుకు గుర్తు. శ్రీహరికోట షార్ కేంద్రం తెలుగునాట కాలేజీల్లో జరిపించే ప్రదర్శనలకు, పోటీలకు మూలం ఈ నిర్ణయమే.

మన దేశంలోనూ సెడ్స్ శాఖలున్నాయి. వెల్లూరు విఐటీ వాటికి ముఖ్య కేంద్రం. ఉపగ్రహాల తయారీలో మన విద్యార్థులు వేసిన పెద్ద అడుగుల్లో ఒకటి 'స్టడ్‌శాట్'. బెంగళూరు, హైదరాబాద్‌లలోని ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి చేసిన ఆ బుల్లి ఉపగ్రహం బరువు కిలో లోపే. 2010 జూలై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 దాన్ని శ్రీహరికోట నుంచి మోసుకెళ్లింది.

చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినంగా ప్రకటించాక మన కాలేజీల్లో సందడికి సందర్భాల కొరత లేదు. సెడ్స్ పుట్టిన నాటికీ నేటికీ తేడా అదే: అప్పుడు వార్తలే లేవు, ఇప్పుడు వార్తలకు కొదవ లేదు. ఉత్సాహం దానంతటదే వస్తుంది కాబట్టి సంఘం అసలు పని ఇప్పుడు మరోచోట ఉంది. క్విజ్ ముగిశాక మొదటి ఏడాది పిల్లలకు టెలిస్కోపు బిగించడం, సభ నడపడం, ఖాతా రాయడం నేర్పే సీనియర్లు ఎందరున్నారన్నదే లెక్క. నలభై ఏళ్లు దాటిన సెడ్స్ చరిత్రలో నిలిచిన శాఖలన్నీ ఆ లెక్క సరిచూసుకున్నవే.