‘ప్లేహౌస్’ అను మాట

ఆంగ్లేయులు నాటకశాలకు రెండు పేర్లు వాడుదురు. ఒకటి ‘థియేటరు’, రెండవది ‘ప్లేహౌస్’. మొదటిది గ్రీకు భాషనుండి వచ్చినది. ‘చూచు చోటు’ అని దాని మూలార్థము. రెండవది వారి యింటిమాట. ‘ఆటయిల్లు’ అని యర్థము. వారి ‘ప్లే’ మన ‘ఆట’ వలెనే పిల్లల క్రీడకును, రంగముమీది ప్రదర్శనమునకును చెల్లును. తోలుబొమ్మలాట, భాగవతులాట అను మాటల నెరిగిన మనకిది వింతగాదు. పిల్లలు దూరి యాడుకొనుటకై పెరటిలో కట్టెడు చిట్టియింటికిని ఆంగ్లమున ప్లేహౌస్ అనియే పేరు.

అయినను ఈ మాట చిరకాలము నిందను మోసినది. 1576లో జేమ్స్ బర్బేజి లండనులో నాటకశాల కట్టదలచినపుడు, నగరాధికారులకు నాటకములు గిట్టనందున, వారి యధికారము చెల్లని షోర్‌డిచ్‌లో దానిని కట్టవలసివచ్చెను. పిదప దాని దూలములతోనే 1599లో థేమ్సునది దక్షిణపుటొడ్డున గ్లోబు నాటకశాల లేచినది. ఒక పెన్నీ యిచ్చిన కూలివాడును అచట ముంగిట నిలిచి షేక్స్పియరు నాటకమును చూడగలిగెను. దాని చెంతనే 1614లో హోపు అను ప్లేహౌస్ వెలసెను. అందు కొన్నిదినములు నాటకములు. కొన్నిదినములు కట్టివేసిన యెలుగుబంట్లపై కుక్కల నుసికొల్పు క్రూరవినోదము. బెన్ జాన్సను నాటకమును ఆ యేడే యచట నాడిరి. కవివాక్యమును మృగముల యార్తనాదమును ఒక్క ముంగిటనే వినబడుచుండగా, పెద్దమనుష్యులు ఆ యింటి పేరునే రోయుటలో ఆశ్చర్యమేమి?

1642 సెప్టెంబరులో పార్లమెంటువారు నాటకములను నిషేధించిరి. అదియు చాలక, 1648లో రంగస్థలములను పడగొట్టవలెననియు, నటులను కొరడాలతో కొట్టవలెననియు, చూడబోయినవారికి అయిదు షిల్లింగులు జరిమానా వేయవలెననియు శాసించిరి. తలుపులు పదునెనిమిదేండ్లు మూతపడియుండెను. తాళము వేసిరేగాని, ప్రజల యభిరుచిని దిద్దు పని యెవ్వరును పూనలేదు. 1660లో రాజు తిరిగివచ్చి నాటకములకు అనుమతి నొసగినంతనే అవి మునుపటికంటె విచ్చలవిడియైన హాస్యముతో బయలుదేరినవి. అంతకుముందు బాలురు ధరించు స్త్రీపాత్రలను అప్పటినుండి స్త్రీలే ధరించిరి; కాని వారికి రంగముమీద చోటు దొరికినంత సులభముగ లోకమున గౌరవము దొరకలేదు. 1698లో జెరిమీ కాలియరు అను మతాచార్యుడు ఈ నాటకములను ఖండించుచు ఒక గ్రంథమునే వ్రాసెను.

సంస్కరణము మరియొక త్రోవను గూడ త్రొక్కగలదు. న్యూయార్కు నగరమున లిలియన్ వాల్డు అను నర్సు, వలసవచ్చిన పేదల కొరకు హెన్రీవీథి సేవాశ్రమమును నడపుచుండెను. ఆ యాశ్రమముతో కలసి పనిచేసిన ఆలిస్, ఐరీన్ ల్యూయిసాన్ అను అక్కచెల్లెండ్రు 1915లో గ్రాండువీథిలో ఒక నాటకశాలను కట్టించి, దానికి ‘నెయిబర్‌హుడ్ ప్లేహౌస్’, అనగా ఇరుగుపొరుగువారి ఆటయిల్లు, అని పేరిడిరి. పెద్దలు రోసిన మాటనే వారు తలుపుపై వ్రాసికొనిరి.

మాట మారలేదు, ఇంటిలో జరుగు పని మారినది. వినోదమును దిద్దగోరువారు ముందుగా తాళముచెవిని వెదకుదురు. అంతకంటె, ఆ యింటిలోనికి పోయి దీపము వెలిగించుట మేలని ఈ చిన్నమాట చరిత్ర మనకు బోధించుచున్నది.