యంత్రాలకు బారసాల

మన ఇళ్ళలో బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో ఆ పేరు రాయిస్తారు. పేరు పెట్టే అధికారం ఎవరిదన్న ప్రశ్న అక్కడ తలెత్తదు. యంత్రాల విషయంలో మాత్రం ఆ ప్రశ్నకు అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది.

చేతిలోని ఫోనుకు పేరు మార్చడం నేడు అరనిమిషం పని. ఐఫోనులో సెట్టింగులు, జనరల్, అబౌట్ అని మూడు మెట్లు దిగితే పేరు కనిపిస్తుంది. దాన్ని తాకి మార్చుకోవచ్చు. కంప్యూటరుకు తగిలించి అయినా మార్చవచ్చు: ఒకప్పుడు ఐట్యూన్స్‌లో, 2019 నుంచి మాక్ యంత్రాలలో ఫైండర్‌లో. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అబౌట్ ఫోన్ అన్నచోట ఉంటుంది. ఈ స్వేచ్ఛ ఎలా వచ్చింది, అందులో మన లిపికి దక్కిన చోటెంత అన్నదే ఈ టపాలో నేను చెప్పదలచినది.

1969లో అమెరికాలో అర్పానెట్ మొదలైననాడు దానిలో చేరిన కేంద్రాలు నాలుగే. యంత్రాలకు అంకెలు చాలు, మనుషులకు పేర్లు కావాలి. జాలం పెరిగేకొద్దీ ఆ పేర్లన్నిటినీ ఒకే జాబితాలో రాసి ఉంచే బాధ్యత కాలిఫోర్నియాలో మెన్లో పార్క్‌లోని ఒక సమాచార కేంద్రానిది అయింది. ఆ కేంద్రాన్ని ఏళ్ళ తరబడి నడిపినది ఎలిజబెత్ ఫైన్లర్ అనే విదుషీమణి. కొత్త యంత్రానికి పేరు పెట్టదలచినవారు ఆమె కార్యాలయానికి తెలియజేయాలి. వారు జాబితాలో చేర్చాక తక్కినవారంతా ఆ జాబితాను మళ్ళీ తెచ్చుకోవాలి. కరణంగారి దస్త్రంలో ఎక్కితే గాని పొలం మనది కానట్టే, అక్కడ నమోదైతే గాని యంత్రానికి పేరున్నట్టు కాదు. యంత్రాలు పెరిగి ఆ ఒక్క జాబితా మోయలేని బరువయింది. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డొమైన్ నామ వ్యవస్థ ఆ అధికారాన్ని పంచిపెట్టింది. ఎవరి పరిధిలోని పేర్లు వారే పెట్టుకోసాగారు.

అధికారం చేతులు మారింది గాని అక్షరాలు మారలేదు. 1985 నాటి నియమం ప్రకారం పేరు 24 అక్షరాలకు మించరాదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, చుక్క తప్ప మరేదీ పనికిరాదు. మొదటిది అక్షరమే కావాలి. 1989లో అంకెతో మొదలుపెట్టేందుకు మాత్రం అనుమతి లభించింది. ఈ నియమాలు రాసినవారికి ఏ భాషమీదా ద్వేషం లేదు. నాటి యంత్రాలన్నీ తప్పక చదవగలిగిన అక్షరాలు అవే. కాని ఫలితం ఒక్కటే: తెలుగువాడు తన యంత్రాన్ని తెలుగు పేరుతో పిలవవచ్చు గాని, ఆ పేరును తెలుగులో రాయలేడు.

1990లో డాన్ లీబ్స్ కంప్యూటరుకు పేరు ఎంచుకోవడం గురించి ఒక చిన్న పత్రం వెలువరించాడు. మీ సొంత పేరు పెట్టకండి, వాడుకమాటలు పెట్టకండి, రంగుల పేర్లో మూలకాల పేర్లో ఒక వరుసగా తీసుకోండి అన్నది అందులోని సలహా. ఒకచోట 'అప్' అని పేరుపెట్టిన యంత్రం ఉండేదట. అది పనిచేస్తోందా లేదా అని అడగబోతే వాక్యమే తికమక అయ్యేదని ఆయన చెప్పిన ఉదాహరణ.

మన లిపికి దారి వేరే దిక్కునుంచి తెరుచుకుంది. 1991 నాటి తొలి యూనికోడులోనే తెలుగుకు చోటు దక్కింది. 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ మూడు బైట్లు. గుణింతపు గుర్తయినా, పొల్లయినా, సున్నా అయినా విడివిడిగా లెక్కే. ఇది నిఘంటువులో దాచుకోవలసిన విషయం కాదు, మన ఫోను పేరుకు సంబంధించినదే. బ్లూటూత్ పేరుకు 248 బైట్ల చోటుంది కనుక తెలుగుకు ఇబ్బంది లేదు. వై-ఫై పేరుకు ఉన్నవి 32 బైట్లే. ఐఫోను తన పేరునే హాట్‌స్పాటుకూ పెడుతుంది. ఇప్పుడు లెక్కవేసి చూడండి. శ్రీకాకుళం 30 బైట్లు, ఇముడుతుంది. రాజమండ్రి 27, అదీ ఇముడుతుంది. 2015లో ఆ ఊరికి తిరిగి ఇచ్చిన పాతపేరు రాజమహేంద్రవరం మాత్రం 39 బైట్లు, ఇమడదు. అదే పేరు ఇంగ్లీషు అక్షరాలలో 17 బైట్లతో హాయిగా ఇముడుతుంది. తలుపు తెరిచారు గాని, మనం కాస్త వంగి లోపలికి వెళ్ళాలన్నమాట.

ఆ వంగడం కూడా ఎప్పుడూ క్షేమం కాలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరపు ఒక రూపం, మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం చేరినది, తెరమీదికి రాగానే ఐఫోనులోని అనువర్తనాలు కుప్పకూలాయి. అదే నెలలో ఆపిల్ సంస్థ దానిని సరిదిద్దింది. జ్ఞానంలోని తొలి అక్షరానికే యంత్రం తట్టుకోలేకపోయిందని నవ్వుకున్నాము గాని, మన లిపిని తగినంతగా పరీక్షించకుండానే లోకంలోకి వదిలారన్నది అందులోని అసలు సంగతి.

పేరుకు మరొక ముఖం ఉంది. పేరు నలుగురికీ వినిపించడానికే పుడుతుంది. ఫోను హాట్‌స్పాటు తెరిచిన ప్రతిచోటా, రైల్లోనైనా ఆసుపత్రిలోనైనా, దాని పేరు చుట్టుపక్కలవారి తెరలమీద కనబడుతుంది. చాలా ఏళ్ళపాటు ఐఫోన్లు యజమాని పేరునే తమ పేరులో చేర్చుకుని వెలువడేవి. యంత్రాల పేర్లు ఇలా మనుషుల ఆచూకీ చెప్పేస్తున్నాయని 2017లో అంతర్జాల ప్రమాణాల పత్రం ఒకటి హెచ్చరించింది. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి, ప్రత్యేక అనుమతి లేని అనువర్తనాలకు మనం పెట్టిన పేరు చెప్పడం ఆపిల్ మానేసింది. లీబ్స్ వేరే కారణంతో చెప్పిన సలహా ఇన్నేళ్ళకు ఈ కారణంతోనూ చెల్లింది.

అందుచేత నేను పాటించే పద్ధతి ఇది: పేరు తెలుగులో ఉండాలి, కాని అది నా పేరు కారాదు. నా ఫోను పేరు పాలపిట్ట. సరిగ్గా 24 బైట్లు. పక్కవాని తెరమీద ఆ పిట్ట వాలినప్పుడు నేనెవరో అతనికి తెలియదు. ఇక్కడెవరో తెలుగువారున్నారని మాత్రం తెలుస్తుంది. నాకంతే చాలు.