ఇత్సింగ్ పరదేశవాసము

క్రీ. శ. 671వ సంవత్సరము చివర చీనాదేశపు దక్షిణతీరమందలి కాంటను రేవునుండి ఒక పారసీకుల ఓడ బయలుదేరెను. అందు ఇత్సింగ్ అను బౌద్ధభిక్షువు ఉండెను. వయస్సు ఇంచుమించు 37 ఏండ్లు. భారతదేశమునకు కలిసి పోవుదమని మాట యిచ్చిన మిత్రులు ఒక్కొక్కరే వెనుదీయగా, ఒక్క శిష్యుడు మాత్రము వెంట వచ్చెను. అతడును నడుమ జబ్బుపడి మరలిపోయెను.

హ్యుయన్‌త్సాంగ్ పేరు మన పాఠశాలల పిల్లలకు గూడ తెలియును. ఇత్సింగ్‌ను మన మంతగా తలచుకొనము. అయినను, పరాయిదేశమున మనుష్యు డెట్లు మెలగవలెనను ప్రశ్న కలిగినప్పుడు మాకు ముందుగా స్ఫురించువా డితడే.

ఇరువది దినములు తిరుగకమునుపే ఓడ సుమత్రా ద్వీపమందలి శ్రీవిజయము చేరెను. నేటి పాలెంబాంగు ప్రాంత మది. అచటినుండి తిన్నగా భారతదేశము పోవచ్చును, పోలేదు. ఆరునెలలు నిలిచి సంస్కృత వ్యాకరణము మొదలిడెను. 673లో వంగదేశపు తామ్రలిప్తి రేవున దిగిన పిమ్మటను నలందకు పరుగెత్తలేదు. ఇంచుమించు ఏడాది ఆ ఊరనే ఉండి మరల భాషయే చదివెను. ఈ దేశమున బాలురు ఆరవయేట అక్షరములు నేర్తురనియు, ఎనిమిదవయేట పాణిని సూత్రములు వల్లింప మొదలిడుదురనియు అతడు వ్రాసియున్నాడు. స్వదేశమున ధర్మశాస్త్రము లెంత చదివిన వాడైనను, ఇచట ఆ బాలుర వెనుక కూర్చుండవలసివచ్చెను. భాష రాని ఊరిలో ఎంతవాడైనను పసివాడే కదా!

నలంద దారిలో, మహాబోధికి పదిదినముల ప్రయాణ ముండగా, జబ్బుతో అడుగు పడక తోడివారికి వెనుకబడెను. దొంగలు పైబడి కట్టుబట్ట లూడ్చుకొనిరి. తెల్లనివానిని పట్టి బలి యిత్తురని ఎవరో చెప్పగా వినియుండెను. అందుచే బురదగుంటలో దిగి ఒడలెల్ల పూసికొని, ఆకులు కప్పుకొని, కర్ర ఊతగా మెల్లగా నడచి, రాత్రి రెండవజామున తనవారిని కలిసికొనెను. ఇంత జరిగినవాడు ఈ దేశమును తూలనాడుచు గ్రంథము వ్రాసినను ఆశ్చర్యపడనక్కరలేదు. అతడు వ్రాసినది వేరు.

నలందలో పదేండ్లు ఇచటివారు చేయునది కనిపెట్టి, తానును అట్లే చేసెను. ఆ గ్రంథమున 40 అధ్యాయము లున్నవి. వేకువను పండ్లపుల్ల నమలుట, శుద్ధజలమున కొక పాత్ర, ఇతరమునకు వేరొక పాత్ర ఉంచుట, భోజనమునకు ముందు కాలుసేతులు కడుగుకొని చిన్నపీటలపై ఎడమెడముగా కూర్చుండుట, ఎంగిలి ముట్టినవాడు నోరు పుక్కిలించువరకు మరియొకరిని తాకకుండుట - ఇవి యన్నియు అందున్నవి. మన అవ్వలు చెప్పెడి ఎంగిలి నియమములను 1300 ఏండ్లనాటి చీనావాని కలమున చదువుట ఒక వింత. పండ్లపుల్లను చీనావారు తమ విల్లోచెట్టు కొమ్మ యనుకొనుచుండిరి. ఆ చెట్టు ఈ దేశమున అరుదని చూచి అతడు దానిని దిద్దెను. వేపపుల్ల నెరిగిన మనకు ఇది చెప్పనక్కరలేదు.

తన దేశపు భిక్షువుల అలవాట్లను మాత్రము గట్టిగా దూయబట్టెను. ఆ పుటలలో అతని స్వరము కటువే. విదేశమునుండి క్రొత్తగా వచ్చినవారికి అది సహజమేమో! కాని ఒకచోట ఆగెను. చీనావారు రెండు పుల్లలతో అన్నము తిందురు. ఇచట కుడిచేతితో తిందురు. పుల్లలను వినయనియమములు విధింపనులేదు, నిషేధింపనులేదు. కనుక చీనాలో వానిని వాడవచ్చును, మానుమని పట్టుబట్టినచో జనులు నవ్వుదురు. భారతదేశమున మాత్రము వాడరాదు - ఇది అతని తీర్పు. ఏ ఊరి విస్తరి ఆ ఊరిదే నన్నమాట. గ్రంథ మంతటిలోను మాకు మిక్కిలి నచ్చిన భాగ మిది.

685 ప్రాంతమున 400 సంస్కృత గ్రంథములతో మరల శ్రీవిజయము చేరెను. అనువదించుటకు కాగితము లేదు, సిరా లేదు, వ్రాయగాండ్రు లేరు. 689లో వానికై స్వదేశమునకు లేఖ పంపుటకు ఓడయెక్కగా, గాలి అనుకూలించి ఓడ కదలిపోయెను. దిగు వీలులేక కాంటను చేరెను. గ్రంథములన్నియు శ్రీవిజయముననే ఉండిపోయెను. కొలది నెలలకు నలుగురు సహాయులతో తిరిగివచ్చెను.

శ్రీవిజయమున వేయిమందికి పైగా భిక్షువు లుండిరట. భారతదేశము పోదలచిన చీనాభిక్షువు ముందుగా అచట ఒకటిరెండేండ్లు నిలిచి, ఆచారములు అభ్యసించి, పిమ్మట పోవుట మేలని అతడు తన వ్రాతలలో ఒకచోట చెప్పెను. 692లో తన గ్రంథమును మరియొక భిక్షువుచేత చీనాకు పంపి, 695లో తానును లోయాంగు చేరెను. సామ్రాజ్ఞి వూ స్వయముగా నగరద్వారమునకు ఎదురువచ్చెను. అప్పటికి అతనికి అరువదేండ్లు నిండెను. 713లో కన్నుమూయువరకు తెచ్చిన గ్రంథములను చీనాభాషలోనికి మార్చుచునే యుండెను.